పాత కారు దీపములు: ఆదాయ వ్యయములు

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగుచుండగా ప్రతి మనిషియు చెవియొగ్గి వినునది తన రాశికి చెప్పిన ఆదాయ వ్యయములను. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని వినబడినచో ఎంతటివాని ముఖమైనను చిన్నబోవును. మోటారు కారునకును ఇట్టి జాతకమొకటి కలదు. దాని ఆదాయము డైనమో. దాని వ్యయము దీపములు, ఇగ్నిషన్, హారను, వైపరు. దాని నిలువ ధనము బ్యాటరీ. పాత కారును ముద్దుగా కాపాడుకొనువారు దానికి అదనముగా రెండు దీపములు తగిలింపదలచినప్పుడు మొదట చూడవలసినది ఈ జాతకమునే. చూడనిచో కారు నడిరాత్రి దారిలో నిలిచిపోవచ్చును. తీగలు కాలి పొగయు రావచ్చును. ఈ చిక్కు ఎట్లు పుట్టినదో తెలియవలెనన్న, కారునకు వెలుగు వచ్చిన కథను మొదటినుండి చెప్పుకొనవలెను.

తొలినాటి కార్లకు విద్యుద్దీపములు లేవు. గుర్రపు బండ్లకు కట్టు నూనె లాంతర్లనే వాటికిని కట్టిరి. అవి దారిని చూపుటకంటె, బండి వచ్చుచున్నదని ఎదుటివారికి తెలుపుటకే ఎక్కువగా ఉపయోగపడెను. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అను నతడు విద్యుత్ కొలిమిలో కాల్షియం కార్బైడును విరివిగా తయారుచేయు మార్గమును కనుగొనెను. కార్బైడుపై నీరు పడినచో ఎసిటిలీన్ వాయువు పుట్టును. అది తెల్లని కాంతితో మండును. మన తిరునాళ్ల అంగళ్లలో కార్బైడు దీపపు ఘాటు వాసన ఎరిగిన పెద్దలు నేటికిని కలరు. ఆ దీపమే కారు ముందుభాగమున ఇత్తడి గూటిలో వెలిగెను. చీకటి పడగానే కారు ఆపి, దిగి, నీటి చుక్కలు సరిచేసి, అగ్గిపుల్ల గీయవలెను. వాన వచ్చినను గాలి వీచినను ఇదే తంతు. ఆ కాలమున మరియొక దీపము కావలెనన్న మరికొంత కార్బైడు చాలును. ఇంజనుతో దానికి పని లేదు.

1912 నమూనా కాడిలాక్ కారుతో ఈ స్థితి మారెను. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ ఏర్పాటు ఇంజనును స్టార్టు చేయుటకు, నిప్పురవ్వ నిచ్చుటకు, దీపములు వెలిగించుటకు ఒక్కటిగా పనిచేసెను. చేతితో హ్యాండిలు త్రిప్పు శ్రమ తొలగెను. అగ్గిపెట్టెతో పని తీరెను. కాని ఆనాటినుండియే దీపము ఇంజనునకు ఋణపడినది. ఇంజను తిరిగిన కొలది డైనమో సంపాదించును. సంపాదించిన కొలదియే దీపము వెలుగవలెను.

ఈ ఋణబంధము ఎంత గట్టిదో ఫోర్డు మోడల్ టి యజమానులు కన్నులార చూచిరి. 1915 నుండి ఆ కారునకు విద్యుత్ హెడ్‌ల్యాంపులు వచ్చెను గాని, అవి బ్యాటరీతో వెలుగునవి కావు. ఇంజను చక్రమునకు అమర్చిన అయస్కాంతములనుండియే వాటికి విద్యుత్తు. కారు వేగముగా పోవునప్పుడు దీపము దేదీప్యమానముగా వెలుగును. గతుకుల దారిలో, మలుపులో, అనగా వెలుగు ఎక్కువగా కావలసిన చోటనే, ఇంజను నెమ్మదింపగా దీపము మినుకుమినుకుమనును. రెండు దీపములను ఒకే వరుసలో కలిపియుండుటచే ఒకటి మాడిపోయినచో రెండవదియు ఆరిపోవును. 1919లో ఆ కారునకు బ్యాటరీ, డైనమో, స్టార్టరు సమకూరిన తరువాతనే ఈ కష్టము తీరెను.

అయితే నాటి డైనమోలలో అనేకమునకు వోల్టేజిని అదుపుచేయు రెగ్యులేటరు లేదు. మూడవ బ్రష్షు అను చిన్న కర్బనపు ముక్కను ఇటు అటు జరిపి ఆదాయమును హెచ్చించుటయో తగ్గించుటయో చేసెడివారు. దానివలన ఆంపియర్లకు ఒక హద్దు ఏర్పడునేగాని, బ్యాటరీ అవసరమెంతయో డైనమోకు తెలియదు. పగలెల్ల దీపములు లేక నడచిన కారులో బ్యాటరీ అతిగా ఛార్జియై నీరు ఇగిరిపోవును. రాత్రి ప్రయాణమున అదియే చాలక పోవును. 1930ల మధ్యనుండి బ్రిటిష్ కార్లలో వోల్టేజి రెగ్యులేటరు వ్యాపించినపిమ్మట డైనమోకు అవసరమెరిగి సంపాదించు వివేకము కలిగెను.

ఇంతలో ఖర్చులును పెరిగెను. 1930లో పాల్ గాల్విన్ మోటరోలా అను పేరిట కారులో అమర్చు రేడియోను అమ్మకమునకు పెట్టెను. మన ఇండ్లలో ముచ్చటగా వినబడిన వాల్వు రేడియో కారులోనికి ఎక్కినప్పుడు ఎన్ని ఆంపియర్లు తినినదో ఊహించుకొనవచ్చును. 1940 నమూనా అమెరికన్ కార్లకు తంతువు, అద్దము, కటకము కలిసి ఒక్కటిగా మూసిన సీల్డ్‌బీమ్ దీపములు వచ్చెను. ఆరు వోల్టులతో సంసారము గడవదని గ్రహించి, 1953 నుండి 1956 లోపల అమెరికన్ కంపెనీలలో పెద్దవి పన్నెండు వోల్టులకు మారెను. అంతకు ముందునుండియే బ్రిటిష్ కార్లలో అనేకము పన్నెండు వోల్టులవి.

అదనపు దీపములు నేటి వారి వింత కోరిక యని తలపరాదు. 1911లో ఆరంభమైన మాంటీకార్లో ర్యాలీలో మంచు రాత్రులయందు నడుపు వారికి అవి ప్రాణాధారములు. 1966లో ఆ పందెమున మొదటి మూడు స్థానములలో నిలిచిన మినీ కార్లను దీపముల కారణముననే అనర్హములుగా ప్రకటించిరి. వాటి హెడ్‌ల్యాంపులలో ఒకే తంతువు గల హాలొజెన్ బల్బులుండెను. ఎదుటి కారు వచ్చినప్పుడు వెలుగును దించుటకు మంచుదీపములను వాడిరి. అది నియమములకు విరుద్ధమని తీర్పు చెప్పి, విజయమును ఒక సిట్రోయన్ కారునకు ఇచ్చిరి. దీపము ఎంత వెలుగునన్నది యొక ప్రశ్న. ఎదుటివాని కన్ను చెదరనీయక ఎట్లు వెలుగునన్నది మరియొక ప్రశ్న. ఇంటి ముందు దీపము పెట్టుకొనువానికిని ఈ రెండును వర్తించును.

ఇక లెక్క చూతము. 1950ల నాటి బ్రిటిష్ కారునకు పన్నెండు వోల్టుల డైనమో ఒకటి ఉన్నదనుకొందము. దాని గరిష్ఠ ఆదాయము 22 ఆంపియర్లు. 42 వాట్ల హెడ్‌ల్యాంపులు రెండు 7 ఆంపియర్లు తీసికొనును. ప్రక్క, వెనుక దీపములన్నియు కలిసి 30 వాట్లు; అనగా రెండున్నర ఆంపియర్లు. ఇగ్నిషన్ మూడున్నర. మొత్తము 13. ఇప్పుడు 48 వాట్ల అదనపు దీపములు రెండు తగిలించినచో మరి 8 ఆంపియర్లు, మొత్తము 21. వాన కురిసి వైపరు తిరిగిన మరి మూడు. వ్యయము 24, ఆదాయము 22. పైగా ఈ 22 ఇంజను వేగముగా తిరుగునప్పటి మాట. కూడలిలో ఆగిన కారు డైనమో దాదాపుగా ఏమియు ఈయదు. అప్పుడు ఖర్చంతయు నిలువ ధనమునుండియే. అదే రెండు దీపములు ఆరు వోల్టుల కారునకు అయినచో 8 గాక 16 ఆంపియర్లు తీసికొనును.

రెండవ చిక్కు తీగలలో ఉన్నది. పాత కారు తీగలు రబ్బరుతో, నూలుతో చుట్టినవి. ఏండ్లు గడచి అవి పెళుసుబారును. పాత స్విచ్చి ద్వారానే కొత్త దీపములకును విద్యుత్తు పంపినచో, స్విచ్చి వేడెక్కును, తీగలో వోల్టేజి జారిపోవును. వోల్టేజి పదింట ఒక వంతు తగ్గిన, తంతు దీపపు వెలుగు సుమారు పదింట మూడు వంతులు తగ్గును. కావున వెలుగు చాలలేదనుకొని కొత్త దీపము కొనకముందు, ఉన్న దీపమునకు వోల్టేజి నిండుగా అందుచున్నదో లేదో, తీగ చివరలు, ఎర్తు అతుకులు శుభ్రముగా ఉన్నవో లేవో చూచుట వివేకము. పెక్కు పర్యాయములు ఇంతటితోనే కోరిక తీరును.

అప్పటికిని తగిలింపక తప్పనిచో, మార్గము రిలే. పాత స్విచ్చి రిలేను మేల్కొల్పు స్వల్ప విద్యుత్తును మాత్రమే మోయును. దీపమునకు పోవు పెద్ద ప్రవాహము తన సొంత లావుపాటి తీగలో, తన సొంత ఫ్యూజు దాటి పోవును. పాత కార్లలో అనేకమునందు హెడ్‌ల్యాంపులకే ఫ్యూజు లేదు. అందుచే ఈ ఫ్యూజును మరువరాదు. ఆంపియర్ మీటరు గల కారులో కొత్త తీగను నేరుగా బ్యాటరీ కొసకు కట్టుటయు పొరపాటే. అట్లు కట్టిన డైనమోనుండి దీపమునకు పోవు విద్యుత్తును మీటరు బ్యాటరీలోనికి పోవుచున్నట్లు చూపును. లెక్కలు వ్రాయు గుమాస్తాయే అబద్ధమాడినచో యజమాని గతి ఏమగును? మరియొక మాట. నాటి బ్రిటిష్ కార్లలో పెక్కింటికి పాజిటివ్ కొస ఎర్తు. తంతు దీపమునకు అది పట్టదు. నేటి ఎల్‌ఇడి దీపమునకు పట్టును.

1960లో క్రైస్లర్ కంపెనీ వేలియంట్ కారునకు ఆల్టర్నేటరు అమర్చెను. నెమ్మదిగా తిరుగు ఇంజనుతోను సంపాదింపగల ఈ యంత్రము క్రమముగా డైనమోను తొలగించెను. పాత కారునకును దానిని తగిలించి ఆదాయము పెంచవచ్చును గదా యని కొందరందురు. పెంచవచ్చును. కాని హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చని రోల్స్‌రాయిస్‌ను చూచినవారు, దాని యంత్రము గూడ ఆనాటిదే కావలెనని కోరుదురు గాని, లోపల నేటి సామగ్రి యుండవలెనని కోరరు. అట్లని ఆ మాటను పట్టుకొని చీకటి దారిలో కనబడక ప్రమాదమునకు లోనగుటయు గొప్ప కాదు. కారు వస్తువు, అందు కూర్చున్నవారు, ఎదురుగా నడచువారు ప్రాణులు. రాత్రి తిరుగవలసిన కారునకు తగిన వెలుగు ఈయవలెను. దానికై చేయు మార్పు రేపు విప్పిన పాత రూపు చెక్కుచెదరక బయటపడునట్లుండవలెను. కొత్త రంధ్రము తొలువక, పాత తీగ కోయక చేసిన పని అట్టిది.

పిండి కొలది రొట్టె యని మన పెద్దలన్నారు. డైనమో కొలది దీపమని మోటారు శాస్త్రము చెప్పుచున్నది. ఆదాయమెరిగి వెలిగించిన దీపము గమ్యము చేరువరకు దారి చూపును.