పాతిక అక్షరాల తాళంచెవి

మన బడి ఆఫీసు గదిలోని బీరువాలో మొదటి ఏడాది అడ్మిషన్ రిజిస్టరు ఇప్పటికీ ఉంది. అట్ట చిరిగింది, అంచులు చెద తినేసింది. అయినా తెరిస్తే చదువుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాని వయసులో సగం ఉన్న రజతోత్సవ కాలం నాటి కంప్యూటరు సంగతి అలా కాదు. అప్పటి సంచికకు వచ్చిన వ్యాసాల్లో పేజీలు చాలక అచ్చు కానివన్నీ అందులోనే ఉండిపోయాయి. మన తెలుగు మాస్టారు బడి పుట్టుక గురించి రాసిన వ్యాసం వాటిలో ఒకటి. మాస్టారు ఇప్పుడు లేరు. చేతిరాత ప్రతి ఎంత వెతికినా దొరకలేదు. కెపాసిటర్లు ఉబ్బి మదర్‌బోర్డు ఎప్పుడో పోయింది. హార్డ్ డిస్కు ఒక్కటే మిగిలితే స్వర్ణోత్సవ కమిటీ వారు దాన్ని నా చేతిలో పెట్టారు.

సాఫ్ట్‌వేర్‌కు తాళం వేయడమన్నది మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. పెద్ద యంత్రాల రోజుల్లో ప్రోగ్రాములు యంత్రంతోపాటే వచ్చేవి. 1969 జూన్‌లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర కడతామని ప్రకటించింది. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్, తమ బేసిక్‌ను చాలామంది డబ్బు కట్టకుండా వాడుకుంటున్నారని బహిరంగ లేఖ రాశాడు. మన దేశంలో 1984 నాటి సవరణ కంప్యూటర్ ప్రోగ్రాములను కాపీరైట్ చట్టంలో సాహిత్య రచనల కోవలో చేర్చింది. మన తెలుగు మాస్టారికి ఈ సంగతి చెబితే ఏమనేవారో!

మొదట్లో తాళాలు నాసిరకంవే. విండోస్ 95 దుకాణపు ప్రతిలో నంబరు సరైనదా కాదా అన్నది తేల్చే సూత్రం ఏడో తరగతి పిల్లవాడికైనా అర్థమవుతుంది: చివరి ఏడంకెల మొత్తం ఏడుతో శేషం లేకుండా భాగించబడాలి, అంతే. 2001లో వచ్చిన ఎక్స్‌పీ దగ్గరకొచ్చేసరికి వ్యవహారం ముదిరింది. అయిదేసి చొప్పున అయిదు గుంపులు, మొత్తం 25 అక్షరాలు. వాటిలో ఇంగ్లీషు అచ్చులు ఒక్కటీ ఉండవు. సున్నా, ఒకటి, అయిదు అంకెలూ ఉండవు. మొత్తం 24 గుర్తులతోనే కథంతా.

మన కంప్యూటరు ఎక్స్‌పీదే. క్యాబినెట్ మీది స్టిక్కరు వెలిసిపోయి తెల్లకాగితమైంది. సీడీ ఉంది, స్కూలు కొన్నట్టు స్టాకు రిజిస్టరులో పద్దూ ఉంది. కీ మాత్రం లేదు. అది లేనిదే ఇన్‌స్టలేషన్ ముందుకు సాగదు.

అయితే అది డిస్కులోనే ఉంటుంది. పాత ఐడీఈ డిస్కును అడాప్టరుతో యూఎస్‌బీకి తగిలించి, ముందు డిస్కు మొత్తానికి నకలు తీశాం. ముసలి డిస్కును పదే పదే తిప్పకూడదు, ఏ పనైనా నకలు మీదే చేయాలి. విండోస్ ఫోల్డరులో, సిస్టమ్32 కింద, కాన్ఫిగ్‌లో ‘సాఫ్ట్‌వేర్’ అనే పేరుతో తోక లేని ఫైలు ఒకటి ఉంటుంది. పాత రిజిస్ట్రీలో పెద్ద భాగం అదే. దాన్ని మరో కంప్యూటరులోని రిజిస్ట్రీ ఎడిటరులో తెరిస్తే ‘డిజిటల్ ప్రొడక్ట్ ఐడీ’ అన్న చోట 164 బైట్లు కనిపిస్తాయి. అందులో 52 బైట్లు వదిలేసి, తర్వాతి 15 బైట్లను ఒకే పెద్ద సంఖ్యగా తీసుకోవాలి. దాన్ని 24తో భాగించుకుంటూ పోతే వచ్చే ఒక్కో శేషం ఒక్కో అక్షరం. కీ చివరి నుంచి మొదటికి బయటపడుతుంది. ఈ పని చిటికెలో చేసే ఉచిత ప్రోగ్రాములున్నాయి. నేను మాత్రం ఒకసారి కాగితం మీద వేసి చూసుకున్నాను. మన లెక్కల మాస్టారి దగ్గర చదివినవాళ్లకు ఆ యావ పోదు.

పేజ్‌మేకర్ సీరియల్ నంబరు కోసం ఇంత శ్రమ పడలేదు. అప్పట్లో టైపు చేసిన అబ్బాయి ఎవరో గానీ, సెటప్ ఫోల్డరులోనే ఒక నోట్‌ప్యాడ్ ఫైలులో రాసి పెట్టాడు. అతనికి చల్లగా ఉండాలని దండం పెట్టుకున్నాను.

చిక్కంతా తెలుగు ప్యాకేజీతో వచ్చింది. దాని తాళం డిస్కులో లేదు. ప్రింటరు పోర్టుకు తగిలించే చిన్న డాంగిల్, డీటీపీ వాళ్ల మాటలో ‘లాక్’. అది కనబడలేదు. లాక్ లేకపోతే కొత్తగా టైపు చేయలేం. కానీ అక్షరాలు ఫాంట్ల ఫోల్డరులో భద్రంగా ఉన్నాయి, చదవడానికి అవి చాలు. మరో పాత కంప్యూటరులో ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ వేసి, ఆ ఫాంట్లు కాపీ చేశాం. యాక్టివేషన్‌కు ఎక్స్‌పీ 30 రోజుల గడువిస్తుంది. మాకు వారం సరిపోయింది.

కంపెనీలు తమ సొమ్ము కాపాడుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ ఉద్యోగాలతోనే మాలాంటివాళ్లం బతికాం. కానీ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆగిపోయింది, పేజ్‌మేకర్ అమ్మకమే లేదు. తాళం వేసినవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక లోపలి సామాను ఎవరిది? అది మన మాస్టారి వ్యాసం, వాళ్ల సరుకు కాదు.

ఇక ఫైలు తెరిచాక ఇంకో పని. ఆ పాత ఫాంట్లలో తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో వీటిని కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చిగీతలే. అందుకని అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి, వరసవరసా కళ్లతో సరిచూశాం.

మాస్టారి వ్యాసం ఈ సంచికలోనే వేరేచోట ఉంది. మొదటి పాక వేసినప్పుడు తాటాకులు ఇచ్చినవాళ్లు, వాసాలు ఇచ్చినవాళ్లు, బండి కట్టినవాళ్లు అందరి పేర్లూ ఆయన రాశారు. ఆ జాబితా మరే రిజిస్టరులోనూ లేదు. మార్పిడిలో కొన్ని పేర్ల ఒత్తులు చెదిరాయి. అనుమానం ఉన్న ప్రతి పేరు పక్కన చుక్క పెట్టాం. వాళ్లలో మీ తాతలో, పెదనాన్నలో ఉండవచ్చు. మొదటి బ్యాచ్ అన్నలూ అక్కలూ సరైన పేరు రాసి సంఘం కార్యదర్శికి అందజేయగలరు.