ఎగువ విడుదల – దిగువ జాప్యం: తెలుగు ప్రాచీనాక్షరాల నేపథ్యంలో లినక్స్ పంపిణీల చరిత్ర

వ్యాససంగ్రహం:
లినక్స్ పంపిణీలలోని ప్యాకేజీలు మూలకర్తల తాజా విడుదలల కంటే వెనుకబడి ఉండటానికి గల కారణాలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఴ, ౝ అనే రెండు అక్షరాలు యూనికోడ్ నుండి డెబియన్ స్థిరశాఖలోని పైథాన్ వరకు చేరిన కాలక్రమం ఇందుకు ఆధారం.

కీలకపదాలు: లినక్స్, డెబియన్, యూనికోడ్, ప్రాచీనాక్షరాలు, శాసనపాఠం, సంస్థాన సాహిత్యం.

1. ఉపోద్ఘాతం
గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు సాహిత్యపోషణకు పేరొందినవి. జటప్రోలు సంస్థాన కేంద్రమైన కొల్లాపురం నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. గద్వాల జిల్లాలోని ఆలంపురం బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయాలకు, శాసనాలకు ప్రసిద్ధి. ఇటువంటి ప్రాంతపు శాసనాలను, తాళపత్రాలను, తొలినాటి ముద్రిత గ్రంథాలను కంప్యూటరులోకి యథాతథంగా ఎక్కించాలంటే నేటి వర్ణమాలలో లేని అక్షరాలు కూడా అవసరమవుతాయి. ప్రాచీన తెలుగు శాసనాలలోని ఴ, పాత రాతలలో నకారపొల్లుగా వ్యవహరించే ౝ అటువంటివి. 'చోఴ' శబ్దం తర్వాతి కాలంలో 'చోడ'గా మారిందని తెలియజేసేది ఆ ఒక్క అక్షరమే. దాని స్థానంలో 'డ' టైపు చేస్తే ధ్వనిపరిణామానికి సాక్ష్యం చెరిగిపోతుంది.

2. పంపిణీ వ్యవస్థ ఆవిర్భావం
లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసినది లినక్స్ కెర్నల్ మాత్రమే. దానికి ఇతర ప్రోగ్రాములను జోడించి, ఒకే వ్యవస్థగా అందించే పని పంపిణీలది. తొలి పంపిణీలలో ఒకటైన ఎస్.ఎల్.ఎస్.లోని లోపాల పట్ల అసంతృప్తితో ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో డెబియన్‌ను ప్రకటించారు. అంటే వేగం కన్నా పొందికకు ప్రాధాన్యమివ్వడం ఆ సంస్థ పుట్టుకలోనే ఉంది.

డెబియన్‌లో కొత్త ప్యాకేజీ మొదట అస్థిరశాఖలో చేరుతుంది. కొన్ని రోజుల గడువులో తీవ్రమైన కొత్త లోపాలు బయటపడకుండా, అది ఆధారపడిన ఇతర ప్యాకేజీలు కూడా సిద్ధంగా ఉంటే పరీక్షాశాఖకు వెళుతుంది. ఆ తరువాత స్తంభన ప్రకటిస్తారు. అప్పటినుండి కొత్త సంచికలకు ప్రవేశం నిలిచి, దోషనివారణ మాత్రమే సాగుతుంది. చివరికి పరీక్షాశాఖే స్థిరశాఖగా వెలువడుతుంది. స్థిరశాఖలో సంచిక సంఖ్య సాధారణంగా మారదు. భద్రతాలోపాల సవరణలను మాత్రం వెనుకటి సంచికకే అతికిస్తారు. కాబట్టి సంఖ్య పాతదైనంత మాత్రాన ప్యాకేజీ నిర్లక్ష్యానికి గురైందని చెప్పడానికి వీలులేదు.

ఈ పద్ధతికి మూల్యం కాలమే. డెబియన్ 3.0 (2002 జూలై) తరువాత 3.1 రావడానికి 2005 జూన్ వరకు పట్టింది. ఆరునెలలకొకసారి విడుదల అనే నియమంతో 2004 అక్టోబరులో ఉబుంటు రావడం, విడుదలల విభజనే లేకుండా ఆర్చ్ వంటి పంపిణీలు నడవడం ఇదే సమస్యకు లభించిన భిన్నమైన సమాధానాలు.

3. రెండు అక్షరాల ప్రయాణం
పైథాన్ భాషలో యూనికోడ్ లక్షణాల పట్టిక అంతర్భాగంగా ఉంటుంది. పట్టికలో లేని సంకేతాన్ని అది అక్షరంగా గుర్తించదు. అక్షరాలను మాత్రమే స్వీకరించే ప్రోగ్రాముతో పదసూచిక తయారుచేస్తే 'చోఴ'లోని ఴ జారిపోతుంది.

ఴ 2014 జూన్ 16న యూనికోడ్ 7.0లో చేరింది. పది నెలల తరువాత వెలువడిన డెబియన్ 8లోని పైథాన్ 3.4 మాత్రం యూనికోడ్ 6.3 వద్దే ఆగింది. 2015 సెప్టెంబరు 13న వెలువడిన పైథాన్ 3.5 ఈ అక్షరాన్ని గుర్తించింది. అది స్థిరశాఖకు చేరింది 2017 జూన్ 17న, డెబియన్ 9తో. మొత్తం మూడేళ్లలో సుమారు 15 నెలలు ఎగువన పైథాన్ వద్దనే గడిచాయి. మిగిలిన 21 నెలలు పంపిణీవి.

ౝ 2021 సెప్టెంబరు 14న యూనికోడ్ 14.0లో చేరింది. సరిగ్గా నెల ముందు, ఆగస్టు 14న, డెబియన్ 11 పైథాన్ 3.9తో విడుదలైపోయింది. ఈ అక్షరాన్ని గుర్తించిన పైథాన్ 3.11 2022 అక్టోబరు 24న, దానిని చేర్చుకున్న డెబియన్ 12 2023 జూన్ 10న వచ్చాయి. ఇక్కడ ఎగువ జాప్యం 13 నెలలకు పైగా ఉండగా, పంపిణీ జాప్యం ఎనిమిది నెలల లోపే.

4. జాప్యం – పాఠపరిష్కరణ
ప్రతి కొత్త ప్రతిలోని పాఠాన్నీ పరిష్కర్త వెంటనే స్వీకరించడు. ఇతర ప్రతులతో సరిచూసి, సందర్భశుద్ధి నిర్ణయించిన పిమ్మటనే గ్రహిస్తాడు. పంపిణీ నిర్వాహకుల పని ఇందుకు సన్నిహితమైనది. ఒక గ్రంథాలయ ప్యాకేజీ మారితే దానిపై ఆధారపడిన అనేక ప్యాకేజీలను తిరిగి నిర్మించి పరీక్షించవలసి వస్తుంది. ఆ శ్రమలో అధికభాగం స్వచ్ఛందసేవకులది. అయితే నిరీక్షణకాలంలో పరిశోధకుడు ప్రత్యామ్నాయాక్షరం వాడితే, అక్షరం అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా ఆ తప్పుపాఠమే ఉల్లేఖనాలలో కొనసాగుతుంది. సాఫ్ట్‌వేర్ జాప్యం తాత్కాలికం. పాఠదోషం శాశ్వతం కాగలదు.

5. ముగింపు
1. ప్యాకేజీల జాప్యం ఒకచోట పుట్టేది కాదు. ప్రమాణం, మూలకర్త, పంపిణీ అనే మూడు దశలను విడిగా లెక్కించాలి.
2. పంపిణీ దశలోని జాప్యంలో ముఖ్యభాగం పరీక్షకు, స్తంభనకు, విడుదలల మధ్య వ్యవధికి చెందినది.
3. వ్యవస్థను కదిలించకుండానే కొత్త ఖతిని వాడుకరి సొంత సంచయంలోను, కొత్త పైథాన్‌ను విడిగాను స్థాపించుకోవచ్చు.
4. శాసన, తాళపత్ర పాఠాలను ప్రకటించేటప్పుడు వాడిన యూనికోడ్ సంచికను పేర్కొనడం, ప్రత్యామ్నాయాక్షరం వాడితే ఆ సంగతిని పాఠంతోపాటే నమోదు చేయడం అవసరం.