లండీ ఖానా ఎటు?

1972 ఆగస్టులో ముగ్గురు భారత వాయుసేన పైలట్లు రావల్పిండి యుద్ధఖైదీల శిబిరం నుంచి తప్పించుకున్నారు. అఫ్ఘాన్ సరిహద్దు ఇంక నాలుగైదు మైళ్ళే ఉందనగా లండీ కోతల్‌లో దొరికిపోయారు. వాళ్ళను పట్టిచ్చింది ఏమిటి?

ముందు తేదీ సంగతి. కొన్ని కథనాలు 12 అంటాయి, కొన్ని 13 అంటాయి. 12వ తేదీ శనివారం. గోడకు పెట్టిన కన్నంలోంచి వాళ్ళు బయటపడేసరికి అర్ధరాత్రి దాటింది. రెండు తేదీలూ ఒకే రాత్రివి.

సన్నాహంలో లోపమా? గోడ ఇటుకల్ని చిన్నచిన్న పనిముట్లతో, కాపలావాళ్ళ కంట పడకుండా ఊడదీశారు. సూదికి అయస్కాంత శక్తి పట్టించి దిక్సూచి చేసుకున్నారు. నీళ్ళకు జీ-సూట్‌లోని రబ్బరు తిత్తులు వాడారు. సంచులకు పారాచూట్ గుడ్డ పనికొచ్చింది. బందీలుగా ఉంటూ ఇంత సమకూర్చుకున్నవాళ్ళను అజాగ్రత్తపరులని నేను అనలేను.

వేషమో, మాటో పట్టిచ్చిందా? అదే నిజమైతే వాళ్ళు ఎక్కిన పెషావర్ బస్సులోనే దొరకాలి. ఆ దారంతా ఎవరూ ఆపలేదు.

మూడో కారణం బలంగా కనిపిస్తుంది. పాకిస్తాన్ విడిచి పారిపోతున్న బెంగాలీలని వాళ్ళను అనుమానించారు. 1971 తర్వాత బెంగాలీలు ఆ దారిన అఫ్ఘానిస్తాన్ చేరుతున్న మాట వాస్తవం. అయితే ఎవరనుకున్నారో దీనివల్ల తెలుస్తుంది గాని, లండీ కోతల్ బజారులో చూపు వీళ్ళ మీదే ఎందుకు పడిందో తెలియదు.

దానికి జవాబు వాళ్ళు అడిగిన ప్రశ్నలో ఉంది. లండీ ఖానాకు దారి అడిగారు. పటంలో అది సరిహద్దు పక్కనున్న ఆఖరి రైల్వే స్టేషన్. ఇక్కడ రైల్వే చరిత్ర చూడాలి. ఖైబర్ రైలు 1925లో లండీ కోతల్ చేరింది, 1926లో లండీ ఖానా దాకా సాగింది. 1932లో ఆ చివరి ముక్కను మూసేశారు. రైలు ఆగి నలభై ఏళ్ళైన చోటికి స్థానికుడెవడూ దారి అడగడు. పటంలో ఆ పేరు ఎందుకు మిగిలిందో నేను ఊహించను.

పట్టుబడ్డాక పాకిస్తాన్ వాయుసేనవాళ్ళమని చెప్పుకున్నారు. తర్వాత, ఒకప్పుడు తమ శిబిరం బాధ్యత చూసిన పాక్ అధికారితో ఫోన్‌లో మాట్లాడించమన్నారు. ఆయన తమవాళ్ళేనని చెప్పడంతో ప్రాణాలు దక్కాయి. 1972 డిసెంబరు 1న మిగతా ఖైదీలతో పాటు విడుదలయ్యారు.