పెట్టుబడి

షేర్లలో పెట్టే డబ్బూ పెట్టుబడే, పెళ్ళిలో చుట్టాలకు పెట్టే చీరా పెట్టుబడే. ‘పెట్టు’కు రాబడి, దిగుబడుల్లో ఉన్న ‘బడి’ వచ్చి చేరింది. పెట్టుబడి చీరలు కావాలంటే కొట్టువాడు ముందు దించేది సూరత్ కట్టే. ఆ ఊరి మరమగ్గాల దగ్గర తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలూ ఉన్నారు.

ఈ చీర కట్టుకునేవాళ్ళు తక్కువ. మడత విప్పకుండానే ఇంకో పెళ్ళికి వెళ్తుంది, ఒక్కోసారి తిరిగి మనింటికే వస్తుంది. రచయిత టోల్కీన్ తన కథలో సృష్టించిన హాబిట్లనే పొట్టి మనుషులు ఇలాంటి వస్తువును ‘మాథమ్’ అంటారు: వాడరు, పారెయ్యరు, చేతులు మారుస్తుంటారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు మూలమైన పదానికి అర్థం, విచిత్రంగా, నిధి! అదే కథలో స్మీగల్ అనేవాడు తన నేస్తం డీగల్ చేతిలో ఉంగరం చూసి పుట్టినరోజు కానుకగా ఇమ్మన్నాడు. కాదంటే గొంతు నులిమాడు. పక్కవాడికి దొరికినందుకే అంత మెరిసిందేమో.

మన పెళ్ళిళ్ళలో అంత ఘోరం జరగదు. కానీ “వదినకు పట్టు, నాకు సూరత్తా?” అన్న సణుగుడు వినని ఇల్లుందా? నన్నడిగితే సూరత్ చీరే నయం. ఇస్త్రీ అక్కర్లేదు.