టొంకాట్సు

రొట్టెపొడి పట్టించి నూనెలో వేయించిన పందిమాంసపు ముక్క, జపాన్ వంటకం. ‘టొన్’ అంటే పంది. ‘కాట్సు’ మన రైళ్లలో అమ్మే కట్లెట్‌కు చుట్టమే, రెండూ ఒకే మాటనుంచి పుట్టాయి. మన కట్లెట్ బంగాళాదుంప వైపు మళ్లింది, వాళ్లది మాంసాన్ని వదల్లేదు. టోక్యో గింజాలోని రెంగాతెయ్ హోటల్ 1899లో పందిమాంసంతో దీన్ని వడ్డించింది.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇంట్లో చేసుకోవాలంటే అసలు చిక్కు పొడి దగ్గరే. రస్కుపొడి వద్దు, ముందే కాలినది కాబట్టి మాంసం ఉడికేలోపే నల్లబడుతుంది. ఒకరోజు నిలవున్న శాండ్‌విచ్ రొట్టె అంచులు తీసి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే గరుకు పొడి వస్తుంది. బాపట్ల, రేపల్లెల సముద్రపు గాలికి అది చప్పున మెత్తబడుతుంది, అప్పటికప్పుడు చేసుకోవడమే మేలు.

వీపు మాంసాన్ని ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కోసి, కొవ్వుకూ కండకూ మధ్యనున్న నరానికి అక్కడక్కడ గాటు పెట్టాలి. లేకుంటే మూకుడులో ముక్క దొప్పలా ముడుచుకుంటుంది. ఉప్పు, మిరియాలు, మైదా, గిలక్కొట్టిన గుడ్డు, చివర పొడి. 170 డిగ్రీల నూనెలో ఐదారు నిమిషాలు వేగాలి. పందిమాంసంలో బద్దెపురుగు భయముంది. లోపల గులాబీ రంగు మిగలకూడదు. జల్లెడ బోర్లించి దానిమీద ఆరబెడితే అడుగు మెత్తబడదు. పక్కన దారాల్లా తరిగిన పచ్చి క్యాబేజీ, అన్నం. ఆవకాయ నంజుకుంటే జపాన్‌వాళ్లు ఏమంటారోగాని, రుచికి లోటుండదు.