హాలీ ఏడు, కల్దారు ఆరు

హైదరాబాదు సంస్థానమునకు స్వంత నాణెము ఉండెడిది. దానిని ప్రజలు హాలీ సిక్కా అనియు, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనియు వ్యవహరించెడివారు. 1937లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసిన నాటికి కూడ భీమ్‌గల్, నిజామాబాదు బజారులలో నడచినది హాలీయే. కాని సంస్థానపు ఎల్ల దాటి సరకు అమ్మినను, కొనినను కల్దారుతో పని పడెడిది.

రెండు రూపాయలకును పదునారేసి అణాలే. అయినను వెండి నాణెముల కాలమున హాలీలో వెండి తక్కువ. 100 కల్దారులకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైసలు అను మారకము ప్రామాణికముగా నిలిచెను. అనగా ఆరు కల్దారులకు ఏడు హాలీలు. కల్దారును హాలీగా మార్చినచో సంఖ్య నూటికి 16⅔ పెరుగును.

అట్లయిన హాలీని కల్దారుగా మార్చునపుడు నూటికి 16⅔ తగ్గింపవలెనా? తొందరపడువారు అట్లే తగ్గింతురు. 700 హాలీలలో నూటికి 16⅔ వంతున తీసివేసినచో 583 రూపాయల 5 అణాల 4 పైసలు మిగులును. రావలసినది 600. నష్టము 16 రూపాయల 10 అణాల 8 పైసలు! పెరుగుదల ఆరు మీద ఒకటి. తగ్గుదల ఏడు మీద ఒకటి, అనగా నూటికి 14 2/7 మాత్రమే. నూటికి ఇంత అను లెక్క మనదేశమున క్రొత్తది కాదు. 1150 నాటి భాస్కరుని లీలావతిలో వడ్డీని నెలకు నూటికి ఇంత అనియే గణించిరి. చిక్కు లెక్కలో లేదు, దేనిని నూరుగా గ్రహించితిమి అనుటలో ఉన్నది.

1950లో భారత రూపాయి ఇచట చెల్లుబడికి వచ్చినపుడు ఈ ఏడుకు ఆరు నిష్పత్తియే నిలిచెను. హాలీ కొంతకాలము దాని ప్రక్కనే చలామణి అయి, 1959లో రద్దయ్యెను. 70 హాలీల జీతగానికి 60 రూపాయలు చేతికి వచ్చినచో నష్టమేమియు లేదు, ధరలు కూడ నూటికి 14 2/7 తగ్గినంతవరకు. దుకాణదారు ఏడు హాలీల వస్తువును ఏడు రూపాయలకే అమ్మినచో ధర నూటికి 16⅔ పెరిగినట్లు. ఆ జీతగాడు కొనగల సరకు నూటికి 14 2/7 తగ్గినట్లు. రెండంకెలును ఒకే నష్టమునకు రెండు కొలతలు.

చిల్లర బేరములలో చిక్కు మరింత ఎక్కువ. హాలీ అణా విలువ 10 2/7 పైసలు. అట్టి నాణెము ఎచటను లేదు. ఏడణాల బేరమైనచో సరిగా ఆరణాలు. కాని కార్తీకమున భీమ్‌గల్ చెంతనున్న లింబాద్రిగుట్ట జాతరలో అణాకు పేలాలు కొనువాడు ఏడణాల పేలాలు కొనునా? అతడు అణాకు అణా ఇచ్చినచో నూటికి 16⅔ ఎక్కువ చెల్లించినవాడే అగును.

1957 ఏప్రిల్ 1న రూపాయిని 100 నయాపైసలుగా విభజించిరి. అణాకు 6¼ నయాపైసలు, ఇచటను కొరతయే. 6 ఇచ్చినచో అమ్మువానికి నూటికి 4 తక్కువ, 7 ఇచ్చినచో కొనువానికి నూటికి 12 ఎక్కువ. ప్రభుత్వపు పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని నిర్ణయించిరి. నాలుగణాల దగ్గర మాత్రము 25 సరిగా వచ్చెను.