లోపల చెక్కిన నక్షత్రం

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌కు యాభై ఏళ్లు నిండాయి, మన నంద్యాల వైపు నుంచి రాకెట్ల పనిలోకి వెళ్లినవారు మీరే కదా, నాలుగు మాటలు రాయండి అని ఉత్సవ సంచిక కమిటీవారు ఇంటికొచ్చి అడిగారు. కాదనలేకపోయాను.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి రోహిణి-125 అనే బుల్లి రాకెట్ లేచింది. ఆ కేంద్రం కోసం దీవిలోని యానాదులు గూడేలు ఖాళీ చేసిన సంగతి ఉత్సవ సంచికల్లో ఒక్క వాక్యం దాటదు. నా వ్యాసంలోనూ దాటలేదు. 1980 జూలై 18న నాలుగంచెలూ ఘన ఇంధనమే అయిన ఎస్‌ఎల్‌వీ-3 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తర్వాతి ఏళ్ల సంగతులు పత్రికల్లో చదివే ఉంటారు.

ఘన ఇంధనమంటే అమ్మోనియం పర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి, రబ్బరు జిగురు. సంగటి కెలికినట్టు కలిపి, గొట్టంలో పోసి గట్టిపడనిస్తారు. ఒకసారి అంటుకుంటే ఆర్పే దారి లేదు. కాబట్టి ముందే కంప్యూటర్లో కాల్చి చూడాలి. నా ఉద్యోగం అదే. మధ్యలో వదిలిన ఖాళీ ఆకారాన్ని బట్టే మంట నడుస్తుంది. ఎస్‌-200 అనే పెద్ద ఘన ఇంధన బూస్టర్ పై ముక్కలో ఆ ఖాళీ పదమూడు కోణాల నక్షత్రం. మంట సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఇంధనాన్ని తినుకుంటూ పోతుంటే, ఏ క్షణాన ఎంత మేర కాలుతోంది, ఒత్తిడెంత అని లెక్కగడతాం. చిన్న పగులున్నా కాలే మేర పెరిగి, ఒత్తిడి ఎగబాకి, గొట్టమే పేలిపోవచ్చు. మా ఆళ్లగడ్డ శిల్పి రాయి చెక్కి బొమ్మను మిగులుస్తాడు. మేం ఖాళీని చెక్కుతాం. చివరికి ఏమీ మిగలకూడదు.

నాకీ విద్య నేర్పిన పెద్దాయన కంప్యూటర్‌ను ఓ పట్టాన నమ్మేవారు కాదు. గ్రాఫు కాగితం మీద నక్షత్రం గీసి, వృత్తలేఖినితో మంట అంచును గీత తర్వాత గీతగా జరిపేవారు. రెండూ కలిస్తేనే సంతకం.

2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఇంధనం పోసి గట్టిపరిచే చోట మంటలు లేచి ఆరుగురు పోయారు. మా తెర మీద అదే మంట వేలసార్లు లేచింది, ఎవరి చొక్కా అంచూ కాలలేదు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. 2010 జనవరి 24న ఎస్‌-200ను నేల మీద కట్టి కాల్చినప్పుడు, రెండు వందల టన్నులు, సుమారు 130 సెకన్లు, నాకు గుర్తొచ్చింది ఆ ఆరుగురే.

ఇంధనం కలిపినవారు, పోసినవారు, ఎక్స్‌రేలో పగుళ్లు వెతికినవారు, క్రేన్ నడిపినవారు, ఫైరింజను పక్కన ఎండలో నిలబడ్డవారు, సూళ్లూరుపేట నుంచి తెల్లారుజామున బస్సు తోలినవారు, క్యాంటీన్లో రాత్రి టీ కాచినవారు, అందరికీ నమస్కారాలు. పేర్లు రాస్తే పుటలు చాలవని కమిటీవారి మాట.

పేర్లంటే గుర్తొచ్చింది. నేను మొదట్లో పనిచేసిన ఒకచోట మా ప్రోగ్రాము నివేదిక అచ్చయింది. అట్ట మీద ఐదు పేర్లు. లెక్క రాసిన నాదీ లేదు, రాత్రిళ్లు కార్డులు పంచ్ చేసినామెదీ లేదు. అప్పుడు అడగలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఎవరున్నారు? ఆ రోజుల్లోది నా దగ్గరున్నది పెద్దాయన గ్రాఫు కాగితమొక్కటే. ఆళ్లగడ్డ ఇంట్లో అటక మీద, ట్రంకుపెట్టెలో ఉంది. నక్షత్రం కోణాల దగ్గర ఆయన చెరిపి మళ్లీ గీసిన చోట కాగితం పలచబడిపోయింది.